కుడి నుంచి ఎడమకు

"అక్కా, యూదులు ఇప్పుడు ఏ ఊర్లో ఉండారు?"

నంద్యాలలో ఒక ఎండాకాలం వి.బి.ఎస్. (సెలవుల బైబిల్ బడి) తరగతిలో ఆరో క్లాసు పాప అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి వారం రోజులుగా మోషే, దావీదు, ఎస్తేరు కథలు చెబుతున్నాను. బొమ్మలు చూపించాను, పాటలు పాడించాను, బహుమతులకు పెన్సిళ్లు కూడా కొని పెట్టాను. ఆ ప్రశ్నకు మాత్రం సిద్ధంగా లేను. "వాళ్లు పాతకాలం వాళ్లు తల్లీ" అని దాటేసి పాట అందుకున్నాను.

అది తప్పు జవాబు. నంద్యాలలో గుంటూరు రైలెక్కితే నల్లమల దాటి గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరులో దిగుతాం. అక్కడి నుంచి పొన్నూరు దారిలో చేబ్రోలు. దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే యూదులున్నారు. తమను తాము బెనె ఎఫ్రాయిమ్ అని, అంటే ఎఫ్రాయిము బిడ్డలమని చెప్పుకుంటారు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నడవగా 1990ల మొదట్లో అక్కడ సినగోగు, అంటే యూదుల ప్రార్థనాలయం వెలిసింది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. ఒకప్పుడు చర్చికి పోయినవాళ్లు. ఇప్పుడు శనివారం ప్రార్థన చేసుకుంటూ, హీబ్రూ అక్షరాలు దిద్దుకుంటూ తమ పిల్లల్ని పెంచుకుంటున్నారు. పాతకాలం వాళ్లని నేను చెప్పిన ఆ జనం పిల్లలు మన పిల్లల్లాగే 'అ ఆ'లు నేర్చుకుని, 'అమ్మా ఆకలి' అని పిలుస్తూ అక్కడ పెరుగుతున్నారు.

ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నా పాఠం తిరగబడింది. యూదుల గురించి పిల్లలకు ఎట్లా చెప్పాలో యూదుల దగ్గరే నేర్చుకోవాలని చదవడం మొదలుపెట్టాను. అట్లా పోగైనవే ఈ సలహాలు. సాటి టీచర్లకు చెబితే, "ఇవి పాటిస్తే క్లాసు సంత అయిపోతుంది" అన్నారు. చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉంటాయని ఒప్పుకుంటాను. హీబ్రూ పుస్తకం కూడా మన చేతికి మొదట అట్లాగే ఉంటుంది, మనకు చివరి అట్ట అనిపించేదే దానికి మొదటి పేజీ. నేను మాత్రం వీటిలో ఒక్కో మాటా నమ్మే రాస్తున్నాను.

మొదటిది. పిల్లలు అడిగితే జవాబు చెప్పకండి.

ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన రాత్రిని తలుచుకునే పండుగ పస్కా. ఆ రాత్రి యూదుల ఇంట్లో భోజనం మొదలయ్యేది పిల్లల ప్రశ్నలతోనే. ఈ రాత్రి మిగతా రాత్రుల్లాగా ఎందుకు లేదని ఇంట్లో అందరికన్నా చిన్నవాడు అడగాలి. అడిగే బిడ్డ లేకపోతే భార్య అడగాలి. ఎవరూ లేక మనిషి ఒంటరిగా ఉంటే తనను తానే ప్రశ్నించుకోవాలి. యూదు పండితుల చర్చల గ్రంథమైన తాల్ముద్‌లో ఉన్న నియమం ఇది. ఇద్దరు పండితులే కూర్చున్నా ఒకరినొకరు అడిగి తీరాలి. అన్నీ తెలిసినవాడికి కూడా ప్రశ్న తప్పదన్న మాట! మనమేమో ప్రశ్న నోట్లోంచి పూర్తిగా రాకముందే జవాబు కుక్కుతాం. అదే తాల్ముద్‌లో పండితులు ఎటూ తేల్చలేని వాదాలు చాలా ఉన్నాయి. అట్లాంటి చోట 'తేకూ' అని ఒక్క మాట రాసి వదిలేశారు. ప్రశ్న అట్లాగే నిలబడి ఉండనీ అని దాని భావం. నా క్లాసు గోడకు 'తేకూ' అని రాసిన అట్టముక్క ఒకటి వేలాడదీశాను. జవాబు దొరకని ప్రశ్నల్ని పిల్లలే చీటీల మీద రాసి దానికి అంటిస్తారు. మా క్లాసులో అందరికన్నా గర్వంగా తిరిగేది తన చీటీ ఆ అట్ట మీదికి ఎక్కిన పిల్లే.

ఇంకో మాట. క్లాసులో తిననివ్వండి. పస్కా రాత్రి పిల్లలు నిద్రపోకుండా ప్రశ్నలు అడగాలని రబ్బీ అకీవా వాళ్లకు వేయించిన గింజలు, కాయపప్పులు పంచేవాడట. మనకు బొరుగులు, వేయించిన శనక్కాయలు ఉండనే ఉన్నాయి. ఒక్కొక్కరి ఒళ్లో గుప్పెడు పోసి చూడండి.

రెండోది, పిల్లల్ని కొట్లాడుకోనివ్వండి. చేతులతో కాదు, మాటలతో. యూదుల మతపాఠశాలల్లో చదువు ఎక్కువగా ఇద్దరిద్దరుగా సాగుతుంది. ఒకే పేజీ ముందు పెట్టుకుని ఒకడు అన్నది ఇంకొకడు కాదంటాడు. నేను ఈ పద్ధతిని హనుక్కా దీపాలతో పరీక్షించి చూశాను. ఆ పండుగ ఎనిమిది రాత్రులు. దీపాలు ఎట్లా వెలిగించాలన్న దాని మీద రెండు వేల ఏళ్ల కిందట రెండు గురుకులాలు పట్టుబట్టాయి. షమ్మాయి శిష్యులు మొదటి రాత్రి ఎనిమిది పెట్టి రోజుకొకటి తగ్గించాలన్నారు. హిల్లేలు శిష్యులు ఒకటితో మొదలుపెట్టి రోజుకొకటి పెంచాలన్నారు. కారణాలు నేను చెప్పలేదు. మా ఇంటి పిట్టగోడ మీద ఎనిమిది ప్రమిదలు పెట్టి, శనగనూనె పోసి, వత్తులు వేసి, పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి నేను లోపలికి పోయాను.

"రోజులు అయిపోయే కొద్దీ దీపాలూ తగ్గాల కదా! ఇంకా ఎన్ని రోజులు ఉండాయో తెలుస్తాది" అంటున్నాడు ఒకడు.

"పండగ పోనుపోను పెద్దది కావాల గానీ చిన్నది అయితే యాడన్నా బాగుంటాదా?" అంది ఇంకో పిల్ల.

కిటికీ దగ్గర నిలబడి వింటున్న నాకు ఒళ్లు పులకరించింది. తాల్ముద్‌లో రెండు పక్షాల కారణాలూ అవే! మిగిలిన రోజుల లెక్క షమ్మాయి వాళ్లది. పవిత్రమైన దాంట్లో పెంచుకుంటూ పోవాలి గానీ తగ్గించకూడదన్నది హిల్లేలు వాళ్లది. యూదులు ఈరోజుకీ హిల్లేలు మాటే పాటిస్తారు. అయినా ఓడిన షమ్మాయి మాటను పుస్తకంలోంచి కొట్టేయలేదు, పక్కనే ఉంచారు. ఈ సంగతి విన్నాక, వాదనలో ఓడిన పిల్లవాడి ముఖంలో వచ్చిన వెలుగు ఆ ప్రమిదల్లో కూడా లేదు.

ఎక్కువమందిని చేర్చుకోకండి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ఊరూరా పిల్లలకు గురువుల్ని పెట్టించాడని తాల్ముద్ చెబుతుంది. ఆరేడేళ్లకు బడి. ఒక గురువుకు 25 మంది. 40 మంది అయితే సహాయకుడు ఉండాలి, 50 అయితే రెండో గురువే రావాలి. మన బడుల్లో ఈ లెక్క ఎప్పటికి వస్తుందో!

చిన్నపిల్లలైతే పలక నాకనివ్వండి. మనం అక్షరాభ్యాసానికి పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టి దిద్దిస్తాం. మధ్యయుగాల జర్మనీ, ఫ్రాన్స్ యూదులు పలక మీది అక్షరాలకు తేనె పూసి బిడ్డతో నాకించేవాళ్లు. నేను నల్లమల తేనె తెచ్చి పెట్టాను. ఒక తల్లి వచ్చి జలుబు చేస్తుందని గట్టిగానే మందలించింది. పలకలు శుభ్రంగా కడిగి పెట్టాల్సిన మాట నిజం. కానీ పలక నాకిన అయిదుగురు పసివాళ్లకు హీబ్రూ మొదటి అక్షరం 'ఆలెఫ్' గుర్తున్నంతగా ఇంకే అక్షరమూ గుర్తులేదు. కాస్త పెద్దవాళ్లకు తేనె అక్కర్లేదు, గుణింతాలు లాగేసుకుంటే చాలు. యూదుల ధర్మశాస్త్రం తోరా. దాన్ని రాసిన చుట్టలో ఉండేవి 22 అక్షరాలు, అచ్చుల గుర్తులు ఉండవు. చదివేవాడు తెలిసి పలకాలి. నల్లబల్ల మీద 'క ల' అని రాసి, గుణింతాలు మీరే పెట్టుకోండి అన్నాను. కల, కాలు, కీలు, కోలా అని కేకలేశారు. వెనక వరసలోంచి "కూలి" అని ఒక చిన్న గొంతు వినిపించింది. ఆ పిల్ల దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు అన్నిటికన్నా మొండి సలహా. విగ్రహాలు వద్దన్న మతం గురించి చెప్పడానికి విగ్రహాలు చెక్కే చోటికి తీసుకుపోండి.

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. నంద్యాల నుంచి బస్సులో గంట. రోడ్డు పక్కన వరసగా శిల్పశాలలు, ఉలి చప్పుడు వినిపిస్తే ఊరొచ్చినట్టే. వినాయకులు, ఆంజనేయులు, నరసింహస్వాములు, నాయకుల విగ్రహాలు, సగం చెక్కి ఎండలో నిలబెట్టిన నందులు. పన్నెండు మంది పిల్లల్ని తీసుకుని తెలిసిన ఆచారిగారి దగ్గరికి పోయాను. ఆయన నల్లరాతి మీద ఒక శిలాఫలకం చెక్కుతున్నారు. ఎడమ చేత ఉలి, కుడి చేత సుత్తి. దెబ్బ పడ్డప్పుడల్లా తెల్లటి పొడి లేచి ఆయన మోచేతి వెంట్రుకల మీద వాలుతోంది. అక్షరం గాడి ఎంత లోతు వచ్చిందో బొటనవేలి గోరు పెట్టి చూసుకుంటున్నారు.

ఒక పిల్లవాడు చాలాసేపు ఆ చేతుల్నే చూసి, "అక్కా, సుత్తి కుడి చేతిలో ఉంది కదా. కుడి పక్క నుంచి కొట్టుకుంటా పోతే సులువేమో! హీబ్రూ అందుకే అట్లా రాసినారా?" అన్నాడు. రాతి మీద చెక్కే అలవాటు నుంచే కుడి నుంచి ఎడమకు రాత వచ్చిందనే ఊహ లోకంలో ఎప్పటి నుంచో ఉంది. రుజువు లేదు. ఏ పుస్తకం చదవకుండా, ఒక మనిషి చేతుల్ని చూసి మా పిల్లవాడు అక్కడికి చేరాడు. ఆ ప్రశ్న 'తేకూ' అట్ట మీదికి పోయింది.

తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది. ఒక పాప ఆచారిగారి ముందే, "దేవుని బొమ్మ చెక్కగూడదని పది ఆజ్ఞల్లో ఉంది కదక్కా?" అంది. నాకు నోరు ఎండిపోయింది. ఆయన సుత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మూలన ఉన్న అమ్మవారి విగ్రహం దగ్గరికి ఆ పిల్లను తీసుకుపోయారు. నగలు, చీర మడతలు, చేతి గాజులు అన్నీ పూర్తయ్యాయి. కళ్లు మాత్రం నునుపుగా, ఖాళీగా ఉన్నాయి.

"చూడమ్మా, కళ్లు తెరిచేదాకా ఇది రాయే. కళ్లు చివర్న చెక్కుతాం. దానికి వేరే పద్ధతి ఉంది" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు తోరా చుట్ట గుర్తొచ్చింది. లేఖకుడు తోలు మీద ఈక కలంతో చేత్తో రాస్తాడు. మూడు లక్షల నాలుగు వేలకు పైగా అక్షరాలు. అందులో ఒక్కటి తగ్గినా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు. అందుకే చివరి కొన్ని అక్షరాలకు అంచులు గీసి వదిలిపెడతారు. ఊరివాళ్లు వచ్చి ఒక్కొక్కరూ ఒక్కో అక్షరం నింపడంలో పాలుపంచుకుంటారు. అప్పుడు పండుగ. అక్కడే ఆ రాతిపొడిలో కూర్చుని ఇదంతా చెప్పాను. ఆచారిగారు కూడా విని, "చివరి అక్షరం రాసేదాకా అది వట్టి తోలేనా?" అని అడిగారు. వట్టి తోలు కాదు గానీ, అప్పటిదాకా చదవడానికి పనికిరాదన్నాను. ఇంక ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. ఆయన విగ్రహం చెక్కుతారు, వాళ్లు చెక్కరు. ఆ తేడాను కప్పిపుచ్చనక్కర్లేదని, తేడా ఉన్న చోటే పిల్లల్ని నిలబెట్టాలని నేను నేర్చుకున్నది ఆ రోజే.

చినిగిన నోటుపుస్తకాలు పాత కాగితాలవాడికి వేయకండి. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే పిల్లలు మనవాళ్లు. కింద పడిన ప్రార్థన పుస్తకాన్ని ముద్దు పెట్టుకునే పిల్లలు వాళ్లు. దేవుడి పేరున్న కాగితాన్ని యూదులు పారేయరు, దాచి ఉంచి తర్వాత పూడ్చిపెడతారు. కైరోలోని బెన్ ఎజ్రా సినగోగులో ఆ దాచే గదిలో వందల ఏళ్ల కాగితాలు పేరుకున్నాయి. 1896-97లో సోలమన్ షెక్టర్ వాటిలో ఎక్కువ భాగాన్ని కేంబ్రిడ్జికి చేర్చాడు. మంగళూరులో ఉండి వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యీజూ 12వ శతాబ్దపు ఉత్తరాలు ఆ పోగులోనివే. నాకు వాటికన్నా ముద్దొచ్చేవి పిల్లల అక్షరాల పుస్తకాల ముక్కలు. దాదాపు వెయ్యేళ్ల కిందటివి, రంగుల బొమ్మలతో. మా పిల్లల చినిగిన కాగితాలకు నేనూ ఒక ట్రంకుపెట్టె పెట్టాను. ఏడాది చివర తీసి చూస్తే ఎవరు ఏ అక్షరం దగ్గర తడబడ్డారో అంతా కనిపిస్తుంది.

పండుగను నాటకంగా ఆడించకండి. చాలా చోట్ల పిల్లలకు గడ్డాలు అంటించి, టోపీలు పెట్టి పస్కా ఆడిస్తారు. అది ఇంకొకరి ఆరాధన. వాళ్ల ఇంటి దేవుడి గదిలోకి చెప్పులతో పోయినట్టు నాకు బాధగా ఉంటుంది. వంటింటిదాకా పోతే చాలు. పస్కాకు చేసే పొంగని రొట్టెకు పిండిలో నీళ్లు పడిన క్షణం నుంచి కాల్చేదాకా ఎక్కడా ఆలస్యం చేయకూడదు. పిండి ఊరికే 18 నిమిషాలు ఉంటే పులిసినట్టే లెక్క. మేం గోధుమపిండి తీసుకుని, ఫోన్‌లో 18 నిమిషాలకు అలారం పెట్టి, పెనం ఎక్కించాం. జొన్నరొట్టె తట్టే ఇళ్ల పిల్లలు కదా, మొదట నవ్వారు. జొన్న ఈ లెక్కలోకి రాదు. గోధుమ, బార్లీ వంటి అయిదు ధాన్యాలతోనే చేయాలి. పన్నెండో నిమిషానికి చేతికి పిండి అంటుకుపోయి, కర్ర దొరక్క, ఒకరి మీద ఒకరు అరుచుకుని, అలారం మోగేసరికి రెండే రొట్టెలు కాలాయి. బానిసత్వం నుంచి రాత్రికి రాత్రి పారిపోయినవాళ్లకు పిండి పొంగే తీరిక ఎందుకు లేదో ఇంక నేను వివరించాల్సిన పని లేకపోయింది.

చావుతో మొదలుపెట్టకండి. అరవై లక్షల మందిని నాజీలు చంపారు. అందులో పసిపిల్లలే లక్షల్లో ఉన్నారు. ఆ ఫొటోలు చూపిస్తే తరగతి నిశ్శబ్దమైపోతుంది. దాన్ని శ్రద్ధ అనుకునే టీచర్లున్నారు. అది శ్రద్ధ కాదు, జడుపు. పదమూడేళ్లు నిండినవాళ్లకు మాత్రం నేను యానుష్ కోర్చాక్ గురించి చెబుతాను. ఆయన డాక్టరు, రచయిత, నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన వార్సా ఘెట్టోలో అనాథ పిల్లల ఇల్లు నడిపాడు. 1942 జూలై 18న ఆ పిల్లలతో ఆయన ఆడించిన నాటకం మన రవీంద్రనాథ్ ఠాగూర్ 'డాక్‌ఘర్'. జబ్బుపడి కిటికీ పక్కన కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే అమల్ కథ. ఆగస్టు మొదట్లో దాదాపు 200 మంది పిల్లలతో పాటు ఆయన ట్రెబ్లింకా మరణశిబిరానికి వెళ్లాడు. తప్పించుకునే దారి చూపించినవాళ్లున్నా పిల్లల్ని వదల్లేదు. ఆ ఠాగూరే రాసిన జనగణమన ఇంగ్లీషులోకి మారింది మన రాయలసీమలోనే, మదనపల్లెలో, 1919లో. ఠాగూరు రాసిన మాటలు అంత దూరం పోయి ఆ పిల్లల నోట పలికాయని చెప్పి ఊరుకుంటాను. ఆ నాటకాన్ని మా పిల్లలు కూర్చుని గట్టిగా చదువుతారు. ఫొటోలు చూపించను.

ఇక సబ్బాతు, యూదుల విశ్రాంతి దినం. దీన్ని చెప్పాల్సిన రోజు ఏ పనీ చేయించకండి, పని గురించి మాత్రమే మాట్లాడండి. సబ్బాతునాడు చేయకూడని పనులు 39 అని తాల్ముద్‌కు మూలమైన మిష్నా లెక్కగట్టింది. ఆ పట్టికలో మొదటి పదకొండూ వింటే నంద్యాల చుట్టుపక్కల పల్లెల పిల్లలకు చెప్పాల్సిన పనే ఉండదు. విత్తడం, దున్నడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, ఏరడం, విసరడం, జల్లించడం, పిండి కలపడం, కాల్చడం. పొలం నుంచి పెనం దాకా ఒక రొట్టె కథ! "వీటిలో మీ అమ్మ చేసేవి ఎన్ని?" అని అడిగి నోటుపుస్తకం ఇవ్వండి. మా క్లాసులో నాన్నల లెక్క నాలుగైదు దగ్గర ఆగింది. అమ్మల లెక్క ఆగలేదు. కట్టడం, విప్పడం, కుట్టడం, ఉతకడం, పొయ్యి వెలిగించడం, ఆర్పడం అన్నీ కలుస్తూ పోయాయి. ఒకడు లెక్కపెట్టడం ఆపేసి తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు కొత్తరెడ్డిపాలెం గురించి చెప్పాను. శుక్రవారం పొద్దుగూకేసరికి దీపాలు వెలిగించి, శనివారం చీకటి పడేదాకా పని మానడం సబ్బాతు అనీ, అక్కడి కుటుంబాల్లో ఎక్కువమంది పొలం కూలికి పోయేవాళ్లనీ చెప్పాను. హీబ్రూలో, తెలుగులో ప్రార్థనలు చేస్తారని, మీ ఈడు పిల్లలు కూడా కూర్చుంటారని చెప్పాను.

'కూలి' అని చదివిన పిల్ల చెయ్యెత్తింది. వాళ్లమ్మ పత్తి ఏరడానికి పోతుంది.

"శనివారం పనికి పోకుంటే ఆ రోజు కూలి రాదు కదక్కా?"

రాదన్నాను.

"సోమవారం మళ్లీ పిలుస్తారా వాళ్లను?"

నాకు తెలిసినదేదో చెప్పబోయి ఆపుకున్నాను. ఆ పిల్ల లేచి, చీటీ మీద ఆ ప్రశ్న రాసి, ఆచారిగారి సుత్తి ప్రశ్న పక్కన అంటించింది. వెనక్కి వస్తూ ఆగి, మళ్లీ పోయి, కింద ఇంకో వాక్యం చేర్చింది. 'మా అమ్మకు శనివారం ఎప్పుడు?'

ఈ ఎండాకాలం వి.బి.ఎస్. మొదటి రోజు ఆ చీటీతోనే మొదలుపెడుతున్నాను. శనక్కాయలు వేయించి పెట్టాను.